కొండపల్లి కొండల దగ్గర కనిపించిన జుట్టు డేగ: గుర్తింపు, ఫొటో విషయంలో సలహా కావాలి

ప్రశ్న (భవానీపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. కృష్ణ ఒడ్డున కొంగలను, లకుముకి పిట్టలను, నీటికాకులను ఫొటోలు తీయడం నాకు కొంతకాలంగా అలవాటు. అడవి పక్షుల విషయంలో మాత్రం నాకు అంతగా అనుభవం లేదు. ఈ మధ్య ఒక ఆదివారం ఉదయం మూలపాడు వైపు వెళ్లి, అడవి అంచున ఉన్న మట్టిబాట మీద నడుస్తుండగా, ఆకు రాల్చిన ఒక చెట్టు నడిమి కొమ్మ మీద, మానుకు దగ్గరగా ఒదిగి కూర్చున్న పెద్ద డేగ ఒకటి కనిపించింది. ఊరి మీద తిరిగే నల్ల గద్ద కంటే నిటారుగా, సన్నగా ఉంది. వీపు గోధుమరంగు, రొమ్ము తెలుపు. ఆ తెలుపు మీద ముదురు గోధుమరంగు నిలువు చారలు ఉన్నాయి. తల వెనుక కొన్ని పొడవైన నల్లని ఈకలు జుట్టులాగా పైకి లేచి ఉన్నాయి.

ఏట్రింతలు రెండు దాని తల మీదికి పదే పదే దూసుకువస్తున్నా అది కదలలేదు. నేను బాట దిగి దగ్గరికి వెళ్లబోయేసరికి, పైకి ఎగరకుండా కొమ్మ మీది నుంచి కిందికి జారి, చెట్ల నడుమ నుంచే తక్కువ ఎత్తులో ఎగిరి కనుమరుగైంది.

ఇది జుట్టు భైరి, అంటే క్రెస్టెడ్ హాక్ ఈగిల్ అయి ఉంటుందా, లేక పాము గద్ద అయిన క్రెస్టెడ్ సర్పెంట్ ఈగిలా? అంతర్జాలంలో హాక్ ఈగిల్ పేరుతో కనిపించే ఫొటోలలో కొన్నింటికి జుట్టే లేదు, కొన్ని దాదాపు పూర్తిగా నల్లగా ఉన్నాయి. అందువల్ల వాటితో పోల్చుకోవడం నాకు సాధ్యం కాలేదు. నా దగ్గర ఉన్నది 300 ఎంఎం లెన్స్. వెనుక ఆకాశం తెల్లగా ఉండటంతో పక్షి నల్లని ఆకారంగా మాత్రమే వచ్చింది, కొన్ని ఫొటోలలో ఫోకస్ ముందున్న పుల్లల మీదికి వెళ్లిపోయింది. ఇటువంటి పక్షిని సరిగా ఫొటో తీయాలంటే ఏం చేయాలో, మన చుట్టుపక్కల ఎక్కడ చూడవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం 1 (గుంటూరు)

జుట్టును కాసేపు పక్కన పెట్టి, మీ ఫొటోలలో ఉన్నంతలో స్పష్టమైనదాన్ని పెద్దది చేసి కాళ్లను చూడండి. కాలి వేళ్ల దాకా ఈకలు కప్పి ఉంటే అది హాక్ ఈగిల్. వేళ్ల పైభాగాన పసుపుపచ్చని, పొలుసులున్న బోసికాలు కనిపిస్తే అది కాదు. ఆ తరువాత ముక్కు మొదలుకీ కంటికీ నడుమ ఉన్న చోటును చూడండి. పాము గద్దకు అక్కడ ఈకలు లేని పసుపుపచ్చని చర్మం దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఈ రెండూ చూసి చెబితే చాలావరకు తేలిపోతుంది.

సమాధానం 2 (తాడేపల్లి)

పై సమాధానంలోని మాట సరైనది. తల మీద జుట్టు కనిపించగానే పక్షి పేరు నిర్ణయించడం మన ప్రాంతంలో ప్రమాదం, ఎందుకంటే ఇక్కడి అడవులలో జుట్టున్న పెద్ద వేటపక్షులు ఒకటికి మించి ఉన్నాయి. కొంచెం వివరంగా రాస్తాను.

పాము గద్ద ఒళ్లంతా ముదురు గోధుమరంగులో ఉంటుంది, పొట్ట మీద తెల్లని గుండ్రటి చుక్కలు ఉంటాయి. దాని జుట్టు నల్లని, తెల్లని ఈకల కలయిక. మామూలుగా మెడ వెనుకకు అణిగి ఉంటుంది, ఉద్రేకపడినప్పుడు తల చుట్టూ పరుచుకుంటుంది. అంటే నిటారుగా లేచిన పొడవైన ఈకలు దానికి ఉండవు. పొద్దెక్కిన తరువాత అది గాలిలో చుట్లు తిరుగుతూ బిగ్గరగా ఈలవేసినట్టు అరుస్తుంది, రెక్కలను కాస్త పైకెత్తి పట్టుకుంటుంది. కింది నుంచి చూస్తే రెక్క పొడవునా ఒక వెడల్పాటి తెల్లని పట్టీ, దాని వెలుపల నల్లని అంచు కనిపిస్తాయి. తోక మీద కూడా అటువంటి తెల్లని పట్టీయే ఉంటుంది. ఎగురుతున్న పాము గద్దను ఒకసారి సరిగా చూసినవారు మళ్లీ పొరబడరు.

అసలు చిక్కంతా తేనె గద్దతో, అంటే ఓరియెంటల్ హనీ బజర్డ్‌తో. ఇది గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల తోటలలో, పొలాల గట్ల మీది పెద్ద చెట్ల మీద కూడా కనిపించే పక్షి. తేనెపట్టులను, కందిరీగల గూళ్లను చీల్చి అందులోని పిల్ల పురుగులను తింటుంది. దీనికీ చిన్న జుట్టు ఉంటుంది. పైగా ఒక్కొక్క పక్షి ఒక్కొక్క రంగులో ఉంటుంది. దాదాపు తెల్లగా, గోధుమరంగుగా, నల్లగా, రొమ్ము మీద నిలువు చారలతో, అడ్డ చారలతో, ఇలా అన్ని రకాలుగానూ కనిపిస్తుంది. కొన్ని తేనె గద్దలు హాక్ ఈగిల్‌ను ఎంతగా పోలి ఉంటాయంటే, ఫొటో చూసి నిర్ణయించడానికి అనుభవజ్ఞులు కూడా తడుముకుంటారు. అయితే తేనె గద్ద తల చిన్నది, పావురం తలను గుర్తుకు తెస్తుంది, మెడ పొడవుగా ముందుకు సాగినట్టు ఉంటుంది. హాక్ ఈగిల్ తల పెద్దది, ముక్కు బలమైనది, కనుబొమ గట్టు కింద నుంచి చూసే కళ్లలో ఒక తీక్షణత ఉంటుంది. తేనె గద్ద కాళ్లకు ఈకలు ఉండవు కాబట్టి, సందేహం వచ్చిన ప్రతిసారీ మళ్లీ కాళ్ల దగ్గరికే రావాలి.

క్రెస్టెడ్ గోషాక్ అనేది ఇంకొకటి ఉంది. అది వీటన్నిటికంటే చాలా చిన్నది, రొమ్ము కింద అడ్డ చారలు ఉంటాయి. మీరు చెప్పిన పరిమాణానికి అది సరిపోదు కాబట్టి వదిలేయవచ్చు. ఊళ్లలో పిచ్చుకల వెంట, తొండల వెంట పడే జాలె డేగకు అసలు జుట్టే ఉండదు.

ఇక అంతర్జాలంలోని ఫొటోల సంగతి. నిసీటస్ సిర్రాటస్ అనే శాస్త్రీయ నామం ఉన్న ఈ పక్షి దక్షిణాసియా నుంచి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దాకా విస్తరించి ఉంది. మన ద్వీపకల్పంలో, శ్రీలంకలో ఉండే పక్షులకు పొడవైన జుట్టు ఉంటుంది. హిమాలయ పాదాల నుంచి తూర్పుకు వెళ్లేకొద్దీ కనిపించే పక్షులకు జుట్టు దాదాపు ఉండదు, వాటిలో పూర్తిగా నల్లగా ఉండేవి కూడా ఉన్నాయి. కార్బెట్ అడవిలో తీసిన ఫొటోతో నల్లమల పక్షిని పోల్చితే మీకు కలిగిన అయోమయమే ఎవరికైనా కలుగుతుంది. పోల్చుకోవాలంటే నాగరహొళె, బందీపూర్, తడోబా అడవుల ఫొటోలు, లేదా శ్రీలంకలోని యాల ఫొటోలు చూడండి. పిల్ల పక్షి తల, రొమ్ము బాగా తెల్లగా ఉంటాయి, చారలు తక్కువ. అది పెద్దపక్షి రంగులోకి మారడానికి కొన్నేళ్లు పడుతుంది.

రంగుల కంటే, మీరు రాసిన దాని నడవడిక నాకు ఎక్కువ విలువైన ఆధారంగా అనిపించింది. చెట్టు చిటారున కాకుండా నడిమి కొమ్మన, మానుకు దగ్గరగా కూర్చోవడం, ఏట్రింతలు వేధిస్తున్నా కదలకపోవడం, ఎగిరినప్పుడు ఆకాశంలోకి లేవకుండా చెట్ల సందులలోంచి పోవడం, ఈ మూడూ హాక్ ఈగిల్ లక్షణాలే. అది గాలిలో తిరుగుతూ వెతికే పక్షి కాదు. కొమ్మ మీద చాలాసేపు కదలకుండా కాచి ఉండి, అడవికోడి, కుందేలు, ఉడత, తొండ, నెమలి పిల్ల వంటిది కిందికి రాగానే దాని మీదికి దూకుతుంది. వెడల్పుగా, గుండ్రంగా ఉండే రెక్కలూ పొడవైన తోకా చెట్ల మధ్య మలుపులు తిరగడానికే అమరినవి. ఎగిరేటప్పుడు పాము గద్దలా రెక్కలు పైకెత్తదు, చదునుగా చాస్తుంది.

సమాధానం 3 (గుంటూరు)

గుర్తింపు గురించి పైవారు చెప్పారు కాబట్టి నేను ఫొటో విషయం రాస్తాను.

నల్లని ఆకారంగా రావడానికి కారణం మీ లెన్స్ కాదు. వెనుక తెల్లటి ఆకాశం ఉన్నప్పుడు కెమెరా ఆ వెలుతురును లెక్కలోకి తీసుకొని మొత్తం చిత్రాన్ని చీకటి చేస్తుంది. అటువంటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే అమరికను, ఒకటి నుంచి ఒకటిన్నర దాకా పెంచండి. ఆకాశం తెల్లగా వెలిసిపోయినా పరవాలేదు, పక్షి రొమ్ము మీది చారలు నిలబడతాయి. అదే పక్షి వెనుక నీడలో ఉన్న కొండవాలు ఉంటే ఇందుకు విరుద్ధంగా చేయాలి. లేకపోతే తెల్లని రొమ్ము, అందులోనూ పిల్ల పక్షి రొమ్ము, వివరాలు లేకుండా కాలిపోయినట్టు వస్తుంది. రా ఫైలులో, అంటే కెమెరా పట్టిన వివరాలన్నీ కుదించకుండా దాచే రూపంలో తీసుకుంటే తరువాత కొంతవరకు సరిదిద్దుకోవచ్చు.

పుల్లల మీదికి ఫోకస్ వెళ్లడం అడవిలో అందరికీ ఎదురయ్యే సమస్యే. ఫోకస్ ప్రాంతాన్ని ఒకే ఒక చిన్న బిందువుకు తగ్గించి దానిని పక్షి కంటి మీద ఉంచండి. కొత్త కెమెరాలలో పక్షి కంటిని గుర్తించే సదుపాయం ఉన్నా, అడ్డంగా కొమ్మలు ఉన్నప్పుడు చిన్న బిందువునే నేను ఎక్కువ నమ్ముతాను. కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు షట్టర్ వేగం సరిపోతుంది. ఎగిరేటప్పుడు 2000వ వంతు కావాలి. మీ దగ్గర ముక్కాలి లేకపోతే, బియ్యమో ఇసుకో నింపిన చిన్న గుడ్డసంచిని కారు కిటికీ మీద వేసి దాని మీద లెన్స్ ఆనించండి. బాట మీద ఆగి ఉన్న కారును పక్షులు మనిషిని చూసి భయపడినంతగా చూసి భయపడవు. కాబట్టి కారులో ఉండి తీయడం రెండు విధాలా మంచిది.

300 ఎంఎం లెన్స్ తక్కువే, 400 నుంచి 600 దాకా ఉంటే మేలు. అయితే లెన్స్ కొనడం కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. పెద్ద పక్షి ఎగిరేటప్పుడు దానిని వెంబడిస్తూ తీయడం చేతికి అలవాటు కావాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నల్ల గద్దలు, పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు రోజంతా కంటికి దగ్గరగా ఎగురుతాయి. అక్కడ సాధన చేసినవారికి అడవిలో దొరికే రెండు మూడు క్షణాలు వృథా కావు.

సమయం చాలా ముఖ్యం. సూర్యోదయం నుంచి ఎనిమిదిన్నర దాకా హాక్ ఈగిల్ కొమ్మ మీద ఉండే అవకాశం ఎక్కువ, వెలుతురు కూడా పక్కనుంచి పడి ఈకల పొరలు విడివిడిగా తెలుస్తాయి. తరువాత బండరాళ్లు వేడెక్కి, గాలి అలలు అలలుగా లేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా దూరాన ఉన్న పక్షి ఫొటో మసకగానే వస్తుంది. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు.

పక్షిని వెతకడానికి కళ్ల కంటే చెవులు ఎక్కువ ఉపయోగపడతాయి. ఉడతలు ఒకే చోట ఆగకుండా అరుస్తున్నా, ఏట్రింతలు ఒకే కొమ్మ మీదికి మళ్లీ మళ్లీ దూకుతున్నా, అక్కడ డేగో గుడ్లగూబో ఉన్నట్టే. అటువంటి చోట నడక ఆపి నిలబడి, చిటారు కొమ్మలను కాకుండా నడిమి కొమ్మలను ఒక్కొక్కటిగా చూడండి. కనిపించిన తరువాత తిన్నగా దాని వైపు నడవకండి. ఏటవాలుగా, ఆగి ఆగి, దాని కళ్లలోకి తేరిపార చూడకుండా వెళ్లాలి. పక్షి ఈకలను ఒంటికి బిగించి సన్నబడి, మెడ చాచి, ముందుకు వంగితే అది ఎగిరిపోయే ఆలోచనలో ఉన్నట్టు. చాలాసార్లు ఎగిరే ముందు రెట్ట కూడా వేస్తుంది. ఆ బిగింపు కనిపించిన క్షణంలో ఆగిపోయి ఒకడుగు వెనక్కి వేస్తే, అది మళ్లీ ఈకలు వదులు చేసి సర్దుకొని కూర్చుంటుంది. ఒక కాలు ఎత్తి ఈకలలో దాచుకున్నదంటే మీ ఉనికిని అది పట్టించుకోవడం లేదని అర్థం. మంచి ఫొటోలు అప్పుడే వస్తాయి.

సెల్‌ఫోనులో దాని అరుపు వినిపించి పిలవడం దయచేసి చేయవద్దు. తన హద్దులోకి మరొక డేగ వచ్చిందని భావించి అది వేట మాని తిరుగుతుంది.

చోటు విషయానికి వస్తే, మీకు దగ్గరది కొండపల్లి అడవే. ఇంకా దట్టమైన అడవి కావాలంటే నల్లమలకు వెళ్లాలి. గుంటూరు నుంచి వినుకొండ మీదుగా దోర్నాల చేరి, అక్కడి నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. ఆ దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ సఫారీ నడుపుతుంది. ఘాట్ రోడ్డును రాత్రిపూట మూసివేస్తారు కాబట్టి ప్రయాణాన్ని అందుకు తగ్గట్టు చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఉన్న ఫొటోలలో ఒకదానిని కంప్యూటర్‌లో వెలుతురు పెంచి చూశాను. కాలి వేళ్ల మొదళ్ల దాకా ఈకలు ఉన్నాయి, వేళ్లు మాత్రమే పసుపుపచ్చగా కనిపిస్తున్నాయి. ముక్కుకూ కంటికీ మధ్య పసుపు లేదు, ముక్కు మొదలు బూడిదరంగుగా ఉంది. గొంతు నడుమ ఒక నల్లని గీత కూడా కనిపిస్తోంది.

ఇంకొక సందేహం. అదే బాట మీద మేకలు మేపే పెద్దాయన ఒకరు, ఇంకాస్త లోపల వాగు పక్కన ఉన్న ఎత్తైన చెట్టు మీద పుల్లల గూడు ఉందనీ, పెద్ద డేగ దాని మీదికి పచ్చి ఆకుల కొమ్మలు తెస్తోందనీ చెప్పారు. కావాలంటే దారి చూపిస్తానన్నారు. దూరంగా ఆకుపచ్చ గుడ్డతో చిన్న మరుగు కట్టుకొని, అందులో కూర్చొని తీయవచ్చునా?

సమాధానం 2 రాసినవారు

మీరు చెప్పిన కాళ్లు, ముక్కు, గొంతు గీత చూస్తే అది హాక్ ఈగిలే అనడానికి నాకు సందేహం లేదు. మన కొండల మీద ఇంకా ఆ పక్షి ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అందుకే గూడు విషయంలో కాస్త గట్టిగా చెబుతున్నాను, అన్యథా భావించవద్దు. ఆ గూడు దగ్గరికి వెళ్లకండి. మరుగు కట్టకండి. దారి చూపిస్తానన్న పెద్దాయనను కూడా మరెవరికీ చెప్పవద్దని కోరండి.

మన ప్రాంతంలో ఈ పక్షి సాధారణంగా డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య గూడు పెడుతుంది. మన ఎండు అడవులలో చెట్లు ఆకు రాల్చి, పక్షులు బయటపడే కాలం కూడా అదే. ఫొటోకు అన్నిటికంటే అనుకూలమైన నెలలే దానికి అన్నిటికంటే సున్నితమైన నెలలు. ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. సుమారు నలభై రోజులు పొదుగుతుంది, పిల్ల ఎగరడానికి ఆ తరువాత రెండు నెలల దాకా పడుతుంది. అంటే ఒక గుడ్డు పోతే ఆ జంటకు మామూలుగా ఆ ఏడాది పోయినట్టే. ఆకు లేని చెట్టు మీద, మన ఎండలో, తల్లి రెక్కలు చాచి పిల్లకు నీడ పడుతూ నిలబడుతుంది. మనిషి అలికిడికి ఆమె లేచిపోయి కాసేపు తిరిగి రాకపోతే, ఎండ దెబ్బకో కాకుల చేతికో ఆ పిల్ల చనిపోవచ్చు. మరుగు వెనుక కూర్చున్న మనకు అది తెలియదు కూడా. మనం నడిచిన దారి మరొకరికి బాట అవుతుంది, ఒక మంచి ఫొటో బయటికి వస్తే పదిమంది ఆ చెట్టును వెతుక్కుంటూ వస్తారు. ఈ పక్షులు అదే గూటిని బాగుచేసుకొని మరుసటి సంవత్సరాలలో కూడా వాడుకుంటాయి కాబట్టి నష్టం ఒక్క ఏటితో ఆగదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అడవిపక్షుల గుడ్లను, గూళ్లను కలతపెట్టడం కూడా చేరి ఉంది. ఫొటో కోసం చేశామన్న కారణం ఏమీ మినహాయింపు కాదు.

సమాధానం 3 రాసినవారు

నేనూ ఇదే మాట అంటాను. మీరు తొలిసారి చూసిన ఎండు చెట్టు ఆ పక్షి కాపుకు కూర్చునే చోటు అయి ఉండవచ్చు. ఇటువంటి పక్షులు తమకు నచ్చిన కొమ్మలకు మళ్లీ మళ్లీ వస్తాయి. గూటి వైపు వెళ్లకుండా ఆ చెట్టుకు తూర్పున, బాట మీదనే, తెల్లవారకముందే వెళ్లి కూర్చోండి. సూర్యుడు మీ వెనుక ఉంటాడు కాబట్టి నల్లని ఆకారం సమస్య కూడా తీరుతుంది. బాట దాటి రిజర్వు అడవిలోకి వెళ్లదలిస్తే ముందుగా అటవీ శాఖ కార్యాలయంలో అనుమతి అడగండి. గూడు ఉన్న సంగతి ఆ అడవి భాగాన్ని చూసుకునే అటవీ శాఖ బీటు అధికారికి మాత్రం స్వయంగా చెప్పండి. వేసవిలో కార్చిచ్చు పాకకుండా ఎండుగడ్డి, ఆకులు తొలగించి ఖాళీ గీతలు తీసేటప్పుడు, ఎండుకట్టెల కోసం చెట్లు నరకకుండా చూసేటప్పుడు ఆ సమాచారం వారికి పనికివస్తుంది.

పక్షులను చూసినవారు వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో దీనిని నమోదు చేసేటప్పుడు కాళ్లు కనిపించే ఆ ఫొటోనే జతచేయండి, అది నాణ్యంగా లేకపోయినా గుర్తింపుకు అదే ఆధారం. చోటును గూటి మీద గుర్తు పెట్టకుండా కొండపల్లి అడవి అని స్థూలంగా ఇవ్వండి, గూడు ప్రస్తావన వ్యాఖ్యలలో రాయకండి. ఫొటోను ఇతర చోట్ల పంచుకోవాలంటే మే నెల దాటేదాకా ఆగి, ఫైలులో ఉండే జీపీఎస్ వివరాలు తీసివేసి పెట్టండి.